5 కిలోవాట్ల సోలార్ ఆగొచ్చు, ముందు నాలుగు ఫ్యాన్లు మార్చండి

ప్రశ్న: మాది నల్లగొండ. సొంతిల్లు, ఒకటే అంతస్తు, పైన స్లాబు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. జనవరిలో 214 యూనిట్లు, ఏప్రిల్‌లో 411 యూనిట్లు కాలింది. 2014లో కొన్న ఒకటిన్నర టన్ను ఏసీ (రాత్రి ఐదు గంటలు వేస్తాం), నాలుగు పాత ఫ్యాన్లు, పదిహేనేళ్ల ఫ్రిజ్, గీజర్, ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటరు ఉన్నాయి. ఏసీకి ఏటా మార్చిలో గ్యాస్ నింపిస్తం. సిలిండర్ నలభై రోజులు వస్తది. మా ఆయన డ్యూటీకి రోజూ బైక్ మీద మిర్యాలగూడకు, రానుపోను 70 కిలోమీటర్లు పైనే పోతరు. సోలార్ ఏజెంటేమో 5 కిలోవాట్లు పెట్టుకోమంటడు. మా ఆయనేమో గ్యాస్ మానేసి ఇండక్షన్ పొయ్యి కొందాం, ఖర్చు తగ్గుతది, పర్యావరణానికీ మంచిది అంటరు. పెద్దపాపకు బడిలో ఇంటి కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్కగట్టమని ప్రాజెక్టు ఇచ్చిండ్రు. మాకు తెల్లకార్డు లేదు. ఏది ముందు చేయాలె?
— ఒక గృహిణి, నల్లగొండ

సమాధానం: అమ్మా, పాప ప్రాజెక్టు లెక్క, అంటే మీ ఇంటి వల్ల ఏడాదికి ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందో తేలితే మీ రెండు సందేహాలూ సగం తీరతాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఎక్కువ భాగం బొగ్గు కరెంటే కాబట్టి ఇంత. పక్కనే సాగర్‌లో 816 మెగావాట్ల జలవిద్యుత్ ఉంది కదా, మాది నీళ్ల కరెంటే అనుకోవడానికి లేదు. అదే జిల్లాలో దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు ప్లాంటు కూడా ఉంది. అన్నీ ఒకే తీగలో కలిసి వస్తాయి. మీ వాడకం నెలకు సగటున 300 యూనిట్లు అనుకుంటే ఏడాదికి 3,600. అంటే దాదాపు 2,500 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. బైకు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే నెలకు 35 లీటర్లు, ఏడాదికి సుమారు 960 కిలోలు. 14.2 కిలోల సిలిండర్ ఒకటి పూర్తిగా కాలితే 42 కిలోలు. మీకు ఏడాదికి తొమ్మిది సిలిండర్లు, 380 కిలోలు.

మొత్తం 3,800 కిలోలు దాటింది. అందులో మూడింట రెండొంతులు కరెంటు, పావు వంతు బైకు. వంట గ్యాస్ వాటా పదో వంతు మాత్రమే. మీ ఆయన తగ్గించాలంటున్నది అన్నిటికంటే చిన్నదాన్ని.

చిన్నదైతే అయింది, తగ్గితే మంచిదే కదా అంటారేమో. ఇండక్షన్‌తో తగ్గదు, పెరుగుతుంది. సిలిండర్‌లోని గ్యాస్‌లో సుమారు 180 యూనిట్ల వేడి ఉంటుంది. మామూలు పొయ్యి మీద గిన్నెకు చేరేది అందులో 60 శాతం, అంటే 109 యూనిట్లు. ఇండక్షన్ సామర్థ్యం 85 శాతం అనుకున్నా, అంతే వేడి గిన్నెకు చేరాలంటే మీటరు మీద 128 యూనిట్లు తిరగాలి. 128 యూనిట్లంటే 90 కిలోల కార్బన్ డయాక్సైడ్, సిలిండర్ కాలితే వచ్చే 42కి రెట్టింపు పైనే. డబ్బు సంగతి కూడా చూడండి. మీ వాడకానికి పడే రేటులో ఆ 128 యూనిట్లకు యూనిట్‌కు రూ. 7.70 చొప్పున రూ. 985 అవుతుంది, దాన్ని మీ సిలిండర్ ధర పక్కన పెట్టుకోండి. గ్రిడ్‌లో సౌర విద్యుత్ వాటా పెరిగే కొద్దీ ఈ లెక్క మారుతుంది. ఇవాళ్టికి మాత్రం వంట గ్యాస్ మీదే ఉండనివ్వండి. పప్పు గంట ముందు నానబెట్టండి, మొదటి కూత రాగానే మంట సిమ్‌లో పెట్టండి, గిన్నె అంచు దాటి మంట బయటికి రానివ్వకండి. మంట పసుపు రంగులోకి తిరిగి గిన్నె అడుగు మసిబారుతోందంటే బర్నర్ రంధ్రాలో లోపలి జెట్టో మూసుకుపోయాయని అర్థం. శుభ్రం చేయించండి.

ఇక బిల్లు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల్లో ఒక మెలిక ఉంది. నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100కు రూ. 3.40, తర్వాతి 100కు రూ. 4.80. సరిగ్గా 200 దగ్గర ఆగితే ఎనర్జీ చార్జీ రూ. 820. 201వ యూనిట్ పడిందంటే మొత్తం లెక్కే మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచి 200 దాకా రూ. 5.10, ఆపైన 300 దాకా రూ. 7.70, 400 దాకా రూ. 9, 800 దాకా రూ. 9.50. మీ జనవరి బిల్లులో 214 యూనిట్లకు ఎనర్జీ చార్జీయే సుమారు రూ. 1,128. చివరి 14 యూనిట్లకు మీరు కట్టింది రూ. 308, అంటే యూనిట్ రూ. 22! ఏప్రిల్ 411కు దాదాపు రూ. 2,795. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వీటికి అదనం. తెల్లకార్డుతో గృహజ్యోతి పొందుతున్న ఇళ్లకైతే ఈ 200 గీత ఇంకా పదునైనది. గీత లోపల ఉంటే సున్నా బిల్లు, ఒక్క యూనిట్ దాటితే మొత్తం కట్టాలి.

మీరిచ్చిన వివరాలను బట్టి ఏప్రిల్ నెల 411 యూనిట్లు ఇలా పోయి ఉండాలి: ఏసీ 165, నాలుగు ఫ్యాన్లు 126, ఫ్రిజ్ 50, మోటరు 30, టీవీ, లైట్లు, మిక్సీ, వాషింగ్ మెషీన్ అన్నీ కలిపి 40. ఏసీ అందరి కంటికీ కనిపిస్తుంది. ఫ్యాన్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 28 నుంచి 35. రోజుకు 14 గంటలు తిరిగితే నాలుగింటి మీద నెలకు 75 యూనిట్లు మిగులుతాయి. ఒక్కోటి మూడు వేలు అనుకున్నా పన్నెండు వేల పెట్టుబడి రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. ఒక్కసారే డబ్బు లేకపోతే ఎక్కువ గంటలు తిరిగే రెండు గదులవి ముందు మార్చండి. అందరూ పొరపాటు చేసేది బిగించేటప్పుడే. గోడ మీది పాత రెగ్యులేటర్ గుండా బీఎల్‌డీసీకి కరెంటు ఇవ్వకూడదు. స్పీడు సరిగా రాదు, మోత వస్తుంది, కొన్నాళ్లకు లోపలి బోర్డు కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటర్ తీయించి స్విచ్ నుంచి వైరు నేరుగా కలిపించండి. మీ అత్తమ్మ గదికి రిమోట్ ఇబ్బంది అనుకుంటే గోడ మీద దాని సొంత రెగ్యులేటర్‌తో పనిచేసే రకం అడగండి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఈ ఫ్యాన్లు స్పీడు తగ్గకుండా తిరుగుతాయి, అదొక లాభం. నష్టం కూడా చెప్పాలి. పాత ఫ్యాన్ కాలితే ఊళ్లో వైండింగ్ షాపులో బాగవుతుంది, దీని బోర్డు పోతే కంపెనీవాళ్లే రావాలి. కొనేముందు వారంటీ ఎన్నేళ్లో, సర్వీస్ నల్లగొండలో ఉందో హైదరాబాద్‌కు పంపాలో అడిగి తెలుసుకోండి.

ఏసీ దగ్గర కాసేపు ఆగుదాం. మీ ఉత్తరంలో మమ్మల్ని కంగారు పెట్టింది ఏటా గ్యాస్ నింపించడం. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, అంతే. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉంది. 2014 నాటి మామూలు ఏసీలో ఆర్‌-22 ఉండే అవకాశమే ఎక్కువ, ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద రాసి ఉంటుంది, చూడండి. ఆ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి చేరుతుంది. పైన కట్టిన మీ ఇంటి ఏడాది లెక్కలో దాదాపు సగం! ఏటా అర కిలో పోతున్నా మీ తొమ్మిది సిలిండర్ల కంటే రెండింతలకు పైనే. పాప ప్రాజెక్టులో ఈ వరుస తప్పక చేర్చమనండి.

మెకానిక్ వచ్చి గేజీ తగిలించి 'గ్యాస్ తక్కువుంది, నింపుతా' అంటే అక్కడే ఆపండి. ముందు లీకు పట్టమనండి. గొట్టాలు కలిసే ఇత్తడి నట్ల దగ్గర, కాయిల్ మలుపుల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే అనుమానం అక్కడే, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కారుతుంది. లైన్లలో నైట్రోజన్ నింపి సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. లీకు మూసిన తర్వాత వాక్యూమ్ పంపుతో కనీసం ఇరవై ముప్పై నిమిషాలు గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాత ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం కాటా పెట్టి గ్యాస్ ఎక్కించాలి. అంతా అరగంటలో ముగించేవాడు వాక్యూమ్ వదిలేశాడనే అర్థం. లోపల గాలి మిగిలితే కంప్రెసర్ ఎక్కువ కరెంటు తింటూ తక్కువ చల్లబరుస్తుంది. కాయిల్ తుప్పు పట్టి చాలాచోట్ల కారుతుంటే దాని మీద ఇంకా డబ్బు పెట్టొద్దు. ఆర్‌-32 గ్యాస్‌తో వచ్చే ఇన్వర్టర్ ఏసీ, గది 120 చదరపు అడుగుల లోపయితే ఒక టన్నుది చాలు. పాతదాన్ని తీసేవాడు గొట్టం విప్పి గ్యాస్ బుస్సుమని వదలకుండా, ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూశాకే విప్పాలి.

ఉష్ణోగ్రత 26 మీద పెట్టి ఫ్యాన్ రెండు మీద తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. ఏసీ ఫిల్టర్ జాలీ పదిహేను రోజులకోసారి కడగండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రాత్రి పదకొండు దాకా కూలర్‌తో నడిపించి, తర్వాత ఏసీ వేయొచ్చు. కూలర్ 180 వాట్లు, మీ ఏసీ సగటున 1,100. కూలర్‌కు కిటికీ తెరిచి ఉండాలి, ఏసీకి మూసి ఉండాలి. రెండూ కలిపి వేసే ఇళ్లున్నాయి. కూలర్ గదిలో నింపిన తేమను ఏసీ కష్టపడి పిండుతూ కూర్చుంటుంది, బిల్లు మీరు కడతారు.

అసలు ఏసీ ఎందుకు అంత కష్టపడాలి? రాత్రి తొమ్మిదికి పడకగది సీలింగ్‌కు అరచేయి ఆనించి చూడండి. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. దీనికి చవకైన మందు తెల్లసున్నం. మార్చి మొదటి వారంలో స్లాబు ఊడ్చి, కడిగి, పగుళ్లుంటే ముందు పూడ్పించండి. పగుళ్ల మీద సున్నం కొట్టి లాభం లేదు. సున్నాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున గుడ్డతో వడకట్టి, సున్నం బరువులో పదో వంతు జిగురు (పెయింట్ షాపులో సున్నానికని అడిగితే ఇస్తారు) కలిపి, పలుచని మజ్జిగంత జారుగా చేసుకోండి. స్లాబు కాస్త తడిపి, ఎండ ఎక్కకముందే చీపురుకట్ట లాంటి వెడల్పు బ్రష్‌తో ఒక పూత, ఆరాక అడ్డంగా మరో పూత వేయండి. ఎర్రటి ఎండలో వేస్తే పూత పట్టకుండా పొడిగా రాలిపోతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. వడియాలు, మిరపకాయలు ఎండబోసే జాగా మాత్రం వదిలేయండి. వానకాలానికి చాలావరకు కడిగిపోతుంది, ఏటా వేయాల్సిందే. ఏటా ఈ పని ఎవరు చేస్తారనుకుంటే వేడిని వెనక్కి కొట్టే తెల్ల పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది, దాని ఖర్చు దానికుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ పైకప్పు వేడి తగ్గించడానికే.

ఫ్రిజ్ తలుపులో ఒక కాగితం ఇరికించి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు వదులైంది, అది మార్పిస్తే చాలు. వెనక గోడకు జానెడు ఎడం, పక్కన పొయ్యి లేకుండా జాగా ఉండాలి. మార్చదలిస్తే పాతది హాల్లో 'నీళ్ల కోసం' అని రెండో ఫ్రిజ్‌గా ఉంచుకోవద్దు!

గీజర్ గురించి మన నీళ్ల వల్ల ఒక అపోహ ఉంది. ఉప్పు నీళ్లకు కాయిల్ మీద తెల్లటి పొర కట్టి కరెంటు ఎక్కువ కాలుతుందంటారు. వేడి ఎటూ నీళ్లలోకే పోతుంది కాబట్టి యూనిట్లు పెద్దగా పెరగవు. కాకపోతే కాయిల్ లోపల వేడి పేరుకుని ముందే కాలిపోతుంది. రెండేళ్లకోసారి విప్పించి పొర తీయించి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించండి. చలికాలంలో 25 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు 42 డిగ్రీలకు తేవడానికి 0.4 యూనిట్. ఐదు బకెట్లకు రెండు యూనిట్లు. థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టి, వరుసగా అందరూ స్నానం చేసి ఆపేస్తే చాలు. జనవరిలో మిమ్మల్ని 200 గీత దాటించిన ఆ 14 యూనిట్లు పొద్దంతా ఆన్‌లో ఉన్న గీజర్‌వే అయి ఉండొచ్చు.

మోటరు గంటకు ఒకటిన్నర యూనిట్లు. ట్యాంకు నిండి కారుతుంటే చూసేవాళ్లు లేకపోతే ట్యాంకు నిండగానే మోటరును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. మిషన్ భగీరథ నీళ్లు సంపులో పడుతుంటే పైకి ఎక్కించడానికి అర హెచ్‌పీ మోటరు సరిపోతుంది. వందల అడుగుల లోతు నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తోడటం కంటే అది అన్నిరకాలా మేలు.

ఇవన్నీ అయ్యాక ఒక రాత్రి మీటరు దగ్గర నిలబడండి. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి ఎర్ర లైటు చూడండి. మీటరు మీద '3200 ఇంపల్స్' అని రాసి ఉంటే, ఆ లైటు 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. నిమిషానికి నాలుగు మెరుపులు వస్తే 75 వాట్లు, అంటే కనిపించని ఫ్యాన్ ఒకటి రాత్రింబగళ్లు తిరుగుతున్నట్టే. నెలకు 54 యూనిట్లు. రిమోట్‌తో మాత్రమే ఆపే సెట్‌టాప్ బాక్సు, ముసలిదైపోయిన ఇన్వర్టర్ బ్యాటరీ సాధారణ దొంగలు. ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ లెక్కపెడితే దొరికిపోతారు. అన్నీ తీసినా మెరుస్తుంటే ఎక్కడో వైరింగ్ లీకేజీ ఉందని, ఆలస్యం చేయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఫ్యాన్లు, ఏసీ సర్వీసు, సున్నం, ఫ్రిజ్ రబ్బరు కలిపితే ఏప్రిల్ 411 నుంచి 260 దగ్గరికి రావాలి. బిల్లు రూ. 2,795 నుంచి రూ. 1,480 దగ్గరికి. ఏడాది మొత్తం 3,600 నుంచి 2,500 యూనిట్ల దాకా దిగుతుంది.

బైకు సంగతి ఇండక్షన్‌కు పూర్తిగా తిరగబడిన లెక్క. పెట్రోలు ఇంజన్ ఇంధనంలో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. అందుకే 70 కిలోమీటర్లకు పెట్రోలుతో 3.2 కిలోలు వెలువడితే, ఎలక్ట్రిక్ స్కూటర్ రెండున్నర యూనిట్లు తిని, మన బొగ్గు కరెంటుతో కూడా 1.75 కిలోల దగ్గర ఆగుతుంది. నెలకు 60 యూనిట్ల పైన మీటరు మీద పడుతుంది, అయినా 35 లీటర్ల పెట్రోలు ముందు అది తక్కువే. కంపెనీ చెప్పిన రేంజి నమ్మకండి, ఎండలో, బరువుతో నిజంగా వంద కిలోమీటర్లు వచ్చే బండి అయితేనే రోజూ 70కి నిశ్చింత. ఇప్పుడే కొనలేకపోతే ఆ దారిలో బస్సూ ఉంది, రైలూ ఉంది. వారానికి రెండు రోజులు బండి ఇంట్లో ఉంచినా నెలకు పదకొండు లీటర్లు మిగులుతాయి.

సోలార్ అన్నిటికంటే చివర ఎందుకంటే, ఎంత పెట్టాలో అప్పుడే తెలుస్తుంది. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మీ వాడకం 2,500కు దిగితే 2 కిలోవాట్లు ఏడాదికి 2,800 పైచిలుకు ఇచ్చి సరిపోతాయి, స్కూటర్ కొంటే 3 కిలోవాట్లు పెట్టుకోండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 2 కిలోవాట్లకు రూ. 60,000, మూడుకు రూ. 78,000. ఆపైన ఎన్ని పెట్టినా అదే 78,000. మీ ఏజెంటు 5 చెప్పేటప్పుడు ఈ మాట చెప్పాడో లేదో అడగండి. మిగిలిన కరెంటుకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర మీరు కట్టే ధర కంటే బాగా తక్కువ కాబట్టి అదనంగా పెట్టిన పలకలు పెట్టుబడిని తొందరగా తిరిగి ఇవ్వవు. సబ్సిడీకి పలకలే కాదు, వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి, ఒప్పందంలో 'డీసీఆర్ ప్యానెల్స్' అని రాయించుకోండి.

కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల జాగా చూడండి. పలకలు దక్షిణానికి, సుమారు 17 డిగ్రీల వాలు. ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా ట్యాంకు నీడ ఒక్క పలక మూల మీద పడినా వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది, కాబట్టి ముందు ఒక రోజు స్లాబు మీద నీడ ఎటు తిరుగుతుందో సుద్దముక్కతో గీసి పెట్టుకోండి. బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, చెడిపోయిందనుకుని కంగారు పడకండి. పలకలు పదిహేను రోజులకోసారి తెల్లవారుజామునే కడగండి, కానీ బోరు నీళ్లతో వద్దు. ఆ నీళ్లు ఆరాక అద్దం మీద మిగిలే తెల్లమరక మళ్లీ గీకినా పోదు. భగీరథ నీళ్లు రెండు బకెట్లు పక్కన పెట్టుకోండి.